ఊరేగింపు బండికి స్పేసర్

2023లో శ్రావణం రెండుసార్లు వచ్చింది. అయినా రాజేశానికి చాలలేదు. రాఖీ పున్నమి గుమ్మంలోకి వచ్చాక తన టెంపోకు తాడు కట్టి, సూరత్ పాండేసరలోని నా మెకానిక్ షెడ్డుకు లాక్కొచ్చాడు. షెడ్డంటే నాలుగు రేకులే. ఎంత వానొచ్చినా పొడిగా ఉండే జాగా మాత్రం ఒకటుంది. అందులో నేను నిలబడతాను, కస్టమరు తడుస్తాడు.

ఆ పున్నమికి మా పద్మశాలీలు మార్కండేయ స్వామిని ఊరేగిస్తారు. ఒక బండి మీద మగ్గం ఎక్కిస్తారు. బండి కదులుతుండగానే నర్సయ్య తాత స్వామికి బట్ట నేస్తాడు, గుడి చేరేసరికి అది పూర్తి కావాలి. కిందటేడు ఆ బండి రాజేశానిదే. దారిలో ఇంజిన్ మరిగి ఆగిపోయింది. జనం నెట్టారు, ఆ కుదుపులకు పోగులు తెగాయి, స్వామికి మూరెడు బట్ట తక్కువైంది. ఈసారి మగ్గం అతని తోడల్లుడి బండి ఎక్కుతుందని మా తెలుగోళ్లుండే వడోద్ అంతా గుసగుసలు.

“సచ్చినా సరే, వాని బండి ఎన్క నేను నడ్వనన్నా,” అన్నాడు రాజేశం. “గీ ఇంజిన్ ఎక్కియ్యి. పాత ఇనుము కబాడీల దొరికింది. సింహమే!”

ఆ సింహం ఒక జీపుది. దాన్ని టెంపోలో కూర్చోబెట్టడంలోని కష్టం, ఏనుగును ఆటో ఎక్కించినవాడికే అర్థమవుతుంది. ఎక్కించాను. అసలు చిక్కు ముందువైపు వచ్చింది. ఇంజిన్‌లో నీళ్లు తిప్పేది వాటర్ పంప్. దాని మూతికి పుల్లీ, అంటే గాడి ఉన్న చక్రం, దానిమీదే ఫ్యాను. కింద క్రాంక్ పుల్లీ తిరిగితే బెల్టు పైదాన్ని తిప్పుతుంది. రెండు గాడులూ ఒకే వరసలో ఉండాలి. ఇక్కడ పైది రెండు వేళ్లు వెనక్కి ఉంది. ఆ ఎడం పూడ్చడానికి పంపుకూ పుల్లీకీ నడుమ బిగించే ఇనుప బిళ్లే స్పేసర్.

లేతు మిషను నడిపే జిగ్నేశ్‌భాయ్‌తో బిళ్ల చేయించి బిగించాను. రాజేశం ఊరవతల సచిన్ దాకా బండి తోలుకెళ్లి, గెలిచిన పహిల్వాన్‌లా తిరిగొచ్చాడు.

“వేడి సూది లేవనే లేదన్నా! ఇంజిన్ ఐస్ లెక్కుంది!”

“రోడ్డు మీద ఎదురుగాలే సగం పని చేస్తది. ఊరేగింపుల గాలేడిది? గట్లనే మెల్లగ నడిపి చూద్దాం. బండి నేను నడుపుత. నువ్వు ముందట కోలాటం ఆడుకుంట నడువు.”

“ఒక్కన్నేనా?”

“మరి నీ తోడల్లున్ని పిలువాల్నా?”

పాపం, ఆడాడు. మిల్లులు ఆపేసి మరీ చూశారని నా అంచనా. రెండో మలుపులో బెల్టు కీచుమంది, సూది ఎర్ర గీత దాటింది, బెల్టు గాడి తప్పి ఊడిపడింది. లేచిన ఆవిరికి డుమస్ సముద్రంలో ఓడలు దారి తప్పి ఉంటాయి.

రాజేశం రోడ్డు మీదే కూలబడ్డాడు. “నా ఇజ్జత్ పోయిందన్నా. మగ్గం వానికే ఇయ్యుమని చెప్పొస్త.”

“జర ఆగు. ముందుగాల ఒక పోగు తే.”

నేను మగ్గం గుంటలో ఆడుకుంటూ పెరిగినవాణ్ణి. వరస చూడాలంటే స్కేలు కన్నా పడుగు పోగునే నమ్ముతాను. రెండు పుల్లీల ముఖాల మీదుగా బిగించి చూస్తే వరస దివ్యంగా ఉంది. అదే పోగును పై పుల్లీ అంచుకు ఆనీ ఆననట్టు పట్టి, చేత్తో తిప్పమన్నాను. అంచు ఒకచోట పోగును తాకింది, ఇంకోచోట కిందికి జారింది. పుల్లీ నడిమధ్యన లేదు! విప్పితే స్పేసర్ మీద దాని కూర్పు వదులు. సచిన్ పోయొచ్చేలోగా మెల్లగా పక్కకు జరిగింది.

జిగ్నేశ్‌భాయ్‌ని నిలదీశాను. జన్మంతా మగ్గాల సామాను చేసిన మనిషి. “లూమ్ మా థోడూ ఢీలు జ సారు, భాయ్!” అన్నాడు. మగ్గానికి కొంచెం వదులుంటేనే మేలట.

“యే లూమ్ నహీ, ఇంజిన్ హై!”

“తో పెహ్లే బోల్నా థా నా!” ముందే చెప్పకపోవడం నా తప్పట.

ఈసారి స్పేసర్ నడుమ చిన్న ఉబ్బు పెట్టించాను. పుల్లీ దానిమీద వేలికి ఉంగరంలా కూర్చుంది. పంపుకు చిన్న పుల్లీ, దానికి తగ్గ పొట్టి బెల్టు వేశాను. పుల్లీ చిన్నదైతే ఇంజిన్ మెల్లగా తిరిగినా పంపూ ఫ్యానూ జోరుగా తిరుగుతాయి.

పున్నమినాడు మగ్గం రాజేశం బండే ఎక్కింది, నేను అతని పక్కన కూర్చున్నాను. డప్పులు, కోలాటాలు, అడుగడుక్కీ హారతులు. చీమలు మమ్మల్ని దాటిపోయి గుళ్లో ప్రసాదం తిని తిరిగొచ్చాయి. సూది సగం దగ్గరే ధ్యానంలో ఉంది. వెనక తాత మగ్గం చప్పుడు ఒక్కసారీ ఆగలేదు. గుడి ముందు ఆయన బట్ట కోసి రెండు చేతులా ఎత్తి చూపించాడు. నిండు బట్ట! తర్వాత కిటికీలోంచి తొంగిచూశాడు.

“రాజేశం, బండి నడిపినవా, నీళ్ల మీద తేలిపిచ్చినవా?”

రాజేశం స్టీరింగు మీద తల ఆనించి, నా చెయ్యి పట్టుకున్నాడు.

ఇంజిన్ మార్పిడిలో బండి ఎంత జోరుగా పోతుందో అందరూ చూస్తారు. మేస్త్రీ అన్నవాడు అది ఎంత మెల్లగా, ఎంతసేపు నడవగలదో చూడాలి. ఇప్పుడు ఎంత గొప్ప ఇంజిన్ తెచ్చినా, బానెట్ ఎత్తకముందే నేనడిగేది ఒక్కటే: “నీ బండి ఏడ మెల్లగ నడువాలె?”