పక్క సీటు కింద బ్రేకు

"ముప్పై ఏళ్ళు పక్క సీట్లో కూర్చుని బతికావు గదా, అసలు నీకు కారు నడపడం వచ్చా?"

డ్రైవింగ్ మాస్టారిని ఈ మాట అడిగింది బయటివాళ్ళు కాదు, తోడబుట్టిన అక్క. అదీ డ్రైవింగ్ స్కూలు వాళ్ళు ఆయన చేతిలో ఓ గోడ గడియారం పెట్టి, ఇక ఇంటిపట్టున ఉండమని సాగనంపిన రోజున, నలుగురి ముందూ. నలుగురూ నవ్వారు. మాస్టారు కూడా నవ్వాడు, కాస్త ఆలస్యంగా. కొన్నాళ్ళకు గడియారం ఆగిపోయింది. ప్రశ్న ఆగలేదు, చెవిలో జోరీగలా అక్కడే తిరుగుతూ ఉండిపోయింది.

నేర్పే కారుకు రెండు బ్రేకులుంటాయి. ఒకటి నేర్చుకునేవాడి కాలి కింద, రెండోది పక్క సీట్లో నేర్పేవాడి కాలి కింద. మాస్టారి జీవితమంతా ఆ రెండోదాని మీదే గడిచింది. లైసెన్సు పరీక్ష రోజున కూడా ఆయన ఆ సీట్లోనే ఉండేవాడు. అధికారి వెనక కూర్చునేవాడు. పక్క బ్రేకు కదిలిందా, నేర్చుకున్నవాడు ఫెయిల్. కారణాలు అడగరు, కాళ్ళు పట్టుకున్నా వినరు. సొంత మేనల్లుడే, ఈ అక్క కొడుకే, అలా ఒకసారి ఫెయిలయ్యాడు. ఎదురుగా కుక్క కూడా లేదనీ, మావయ్య ఊరికే తొక్కాడనీ వాడు ఇప్పటికీ అంటాడు.

ఇన్నేళ్ళ ఉద్యోగం మాస్టారికి మిగిల్చింది నిలకడ లేని ఓ కుడికాలు. బస్సెక్కితే అది ముందు సీటు కింద తొక్కుతుంది. పళ్ళ డాక్టరు కుర్చీలో తొక్కుతుంది. ఇంట్లో ఆయన కూర్చునే చోట తివాచీ అరికాలి మేర నూలుపోగులు తేలిపోయింది. ఎవరైనా కంగారు మాట అంటే ముందు కాలు వింటుంది, తర్వాతే చెవి.

ఆ కాలికి మళ్ళీ పని పెట్టింది కూడా అక్కే.

ఆవిడకు ఓ మధ్యాహ్నం ఫోనొచ్చింది. బ్యాంకు నుంచి అన్నాడు. మీ ఖాతాలో దొంగలు దూరారు, ఉన్నదంతా వెంటనే భద్రమైన ఖాతాలోకి మార్చాలి, దానికి కొంత డిపాజిట్ కట్టాలి, సాయంత్రానికల్లా వెనక్కొస్తుంది అన్నాడు. అక్క ఉన్నదంతా మార్చింది. డిపాజిట్‌కు చాలక, కింది వాటాలో బట్టలు కుట్టే ఆవిడ దగ్గర పన్నెండు వేలు చేబదులు తెచ్చి మరీ కట్టింది. సాయంత్రమైతే అయింది, డబ్బు మాత్రం రాలేదు.

వచ్చింది కొడుకు. నలుగురి లెక్కలూ తనిఖీ చేసే ఉద్యోగం వాడిది. కేకలు వెయ్యలేదు; వేసినా బాగుండేది. నెలనెలా పెన్షను పడే తల్లి ఖాతా బ్యాంకు కార్డు తన పర్సులో పెట్టుకున్నాడు. పెద్ద ఫోను తీసేసుకుని మీటలున్న చిన్న ఫోను కొనిచ్చాడు. వారం వారం ఖర్చులకు కవరులో పెట్టి ఇవ్వడం మొదలెట్టాడు. ఆ కవరులోంచి తిండి గడుస్తుంది, చేబదులు తీరదు.

"వాడు చదువుకునే రోజుల్లో నేనిచ్చినదాంట్లో సగం లేదురా ఇది," అంది అక్క తమ్ముడితో. "పైగా దేనికి ఖర్చు పెట్టావని అడుగుతాడు. నేనెప్పుడైనా అడిగానా?"

"అడిగేదానివి."

"అడిగితే వాడు చెప్పేవాడా?"

పెద్దవాళ్ళు మోసపోయారనగానే లోకం దగ్గర రెండు మాటలు సిద్ధంగా ఉంటాయి. అత్యాశ, అమాయకత్వం. రెండూ చెప్పేవాడికి హాయినిచ్చే మాటలే, రెండూ తనకు లేవనుకుంటాడు కాబట్టి. అక్కకు ఆశ లేదు. పదికి వంద వస్తుందన్నవాణ్ణి ఆవిడ గుమ్మం ఎక్కనిచ్చేది కాదు. అమాయకత్వమా, కొడుకు అబద్ధాలను వాడు నోరు తెరవకముందే పట్టేసిన మనిషి. మరెలా పడింది? ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు. ఎలా పడకుండా ఉండాలో మాత్రం పనిగట్టుకుని వచ్చి చెప్పిపోయారు.

పేట లైబ్రరీలో ఇలాంటి మోసాల మీద పెద్దవాళ్ళకు నాలుగు వారాల చిన్న కోర్సు పెడతారని తెలిసి, మాస్టారు పిలవకుండానే వెళ్ళి తాను చెబుతానన్నాడు.

"మీకు కంప్యూటర్లూ అవీ తెలుసా?" అంది లైబ్రేరియన్.

"తెలీదమ్మా. భయపడే మనిషికి నేర్పడం తెలుసు."

లైబ్రేరియన్ ఆయన పేరు రాసుకుంది. ఆవిడకు అప్పటికి వేరే ఎవరూ దొరకలేదు కూడా.

మేనల్లుడు సంగతి విని బేరం పెట్టాడు. "మావయ్యా, అమ్మ నీ కోర్సుకు వస్తుంది. తర్వాత మా ఆఫీసులో ఒకడి చేత దొంగ ఫోను చేయిస్తాను. అమ్మ తట్టుకుంటే కార్డిచ్చేస్తాను. లేదా, కవరే."

"ఎన్నాళ్ళురా కవరు?"

"ఎన్నాళ్ళయినా."

వాడికి కార్డంటే ప్లాస్టిక్ ముక్క. అక్కకు అది చెప్పుల జత కొనడానికి ఒకరి మొహం చూడనక్కర్లేకపోవడం. మెట్ల మీద కుట్టుమిషనావిడ ఎదురైతే తల తిప్పుకోనక్కర్లేకపోవడం. ఆ సంగతి అక్క పైకి అనలేదు. మెట్లు దిగే వేళలు మాత్రం మార్చుకుంది.

మొదటి క్లాసు చప్పగా చల్లారిపోయింది. మాస్టారు ఎవరో అచ్చువేసిన కరపత్రం పట్టుకుని చదివాడు. పిన్ నంబరు ఎవరికీ చెప్పకండి, తొందరపడకండి, అత్యాశకు పోకండి. వచ్చిన పదిమందీ తలలూపారు. తలూపడం వాళ్ళకు కొత్త కాదు. డాక్టర్ల దగ్గరా పిల్లల దగ్గరా చేస్తున్నది అదే. ముందు వరుసలో కూర్చున్న రిటైరైన హెడ్ నర్సును అందరూ నర్సమ్మ అంటారు. ఆవిడ చెయ్యెత్తింది.

"ఇవన్నీ మాకు తెలుసు మాస్టారూ. తెలిసే పడ్డాం."

మాస్టారి కాలు బల్ల కింద తొక్కింది. అప్పుడాయన అక్కవైపు తిరిగి, ఇన్నాళ్ళూ అడగని మాట అడిగాడు. "అసలు వాడి మాట ఎందుకు విన్నావక్కా?"

అక్క చేతిసంచీ కాడ సర్దుకుంది. విప్పి మళ్ళీ సర్దుకుంది. "కళ్ళజోడు తెచ్చుకుంటాను, ఆగు బాబూ అన్నాను. మెల్లిగా తెచ్చుకోండమ్మా, నేనుంటాను అన్నాడు. ఉన్నాడు. ఇల్లంతా వెతుక్కుని వచ్చేదాకా ఉన్నాడురా. నేను కళ్ళజోడు తెచ్చుకునేదాకా మీలో ఎవరాగారు?"

వెనక వరుసలో, అక్కకు వీలైనంత దూరంగా కూర్చున్న కుట్టుమిషనావిడ తలెత్తి చూసింది.

ఇంటికి పోతూ మాస్టారు కరపత్రాన్ని దారిలో చెత్తబుట్టలో పడేశాడు. వీళ్ళకు తెలియనిదేమీ లేదు. చేతకానిది ఒక్కటుంది. మర్యాదగా మాట్లాడే మనిషి మొహాన ఫోను పెట్టెయ్యడం. గుమ్మంలో నిలబడి వెళ్ళొస్తానని చెప్పడానికే అరగంట తీసుకునే మనుషులు. "మరి ఉంటానండీ" అని తాము అని, "మంచిదండీ" అని అవతలివాడు అంటే తప్ప ఫోను చెవినుంచి దిగదు. దొంగ ఎన్నటికీ "మంచిదండీ" అనడు. వాడి పెట్టుబడి మొత్తం అంతే.

రెండో క్లాసులో మాస్టారు పుస్తకం తెరవలేదు. "బ్రేకు వేసేముందు వెనకవాణ్ణి ఏమనుకోకండి అంటామా? అనం. వేస్తాం. ఫోనూ అంతే," అన్నాడు. పాత పుస్తకాలుండే గదిలోంచి లైబ్రేరియన్ ఫోను చేస్తుంది. ఇవతల ఒక్కొక్కరూ ఆవిడ మాట మధ్యలో ఉండగానే పెట్టెయ్యాలి. ఆవిడ వాక్యం పూర్తి కాకూడదు.

ఎవరి వల్లా కాలేదు. ఒకాయన పెట్టేసే ముందు పాలు పొంగుతున్నాయని సంజాయిషీ ఇచ్చుకున్నాడు. కుట్టుమిషనావిడ అవతల మాట ఆగేదాకా ఆగింది. మనిషి మాట్లాడుతుంటే చటుక్కున ఎలా తెంపుతాం, అదేమన్నా దారమా అంది. అక్క అయితే ఫోను చెవి దగ్గర పెట్టుకుని లైబ్రేరియన్ ఆరోగ్యం కూడా కనుక్కుంది. నర్సమ్మ ఒక్కతే టక్కున పెట్టేసింది. అందరూ చప్పట్లు కొట్టారు. నర్సమ్మ వెళ్ళి కూర్చుంది, కుదురుగా ఉండలేక లేచింది, సంచిలోంచి సొంత ఫోను తీసి అదే నంబరుకు తిరిగి చేసింది.

"ఏమనుకోకమ్మా, ఇందాక మధ్యలో పెట్టేశాను. మాస్టారు పెట్టమన్నారు."

లైబ్రేరియన్ నవ్వు గోడ దాటి వినిపించింది. మాస్టారికి నవ్వు రాలేదు. బ్రేకు వేసి, కారు దిగి, క్షమించమని అడగడానికి వెనక లారీ దగ్గరికి నడిచి వెళ్ళేవాళ్ళకు ఏం నేర్పాలి?

మూడో వారం మేనల్లుడు వచ్చి, మంగళవారం పొద్దున ఫోను చేయిస్తున్నాననీ, ఏ రోజో అమ్మకు చెప్పొద్దనీ అన్నాడు. చెప్పకూడని మాట కడుపులో పెట్టుకుని కూర్చోవడం మాస్టారి వల్ల కాదు. రోజూ అక్కకు ఫోను చెయ్యసాగాడు.

"అక్కా, బ్యాంకువాళ్ళు మనకు ఫోను చేసి నంబర్లు అడగరు. గుర్తుందిగా?"

"ఉంది."

"ఎవడైనా మరీ మర్యాదగా మాట్లాడితే అనుమానించు."

"అయితే నీ మీద అనుమానం అక్కర్లేదు."

"అది కాదక్కా, ఒకవేళ ఈ వారంలో గనక..."

"ఒరే, కాలు తియ్యరా. నన్ను నడపనీ."

మంగళవారం పొద్దున్నే ఆయన ఓ స్పానర్ పట్టుకుని అక్క ఇంటికి వెళ్ళాడు. కుళాయి కారుతోందన్నావు కదా, బిగిద్దామని వచ్చానన్నాడు.

"నేనెప్పుడన్నాను?"

"పోయినేడు."

అక్క ఆయన్ని ఎగాదిగా చూసి, కిటికీ దగ్గర ఉతికిన బట్టలు మడతపెట్టే పనిలో పడింది. మాస్టారు కుళాయివైపు పోనేలేదు. ఫోను ఉన్న బల్లకు ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

ఫోను మోగింది. అక్క తీసింది. "ఆఁ, నేనే బాబూ... అవును... అయ్యో, అలాగా..." అవతలి గొంతు గదిలోకి సన్నగా వినిపిస్తోంది. కుర్రగొంతు, మెత్తగా ఉంది. మాట మాటకూ అమ్మా అంటోంది. ఖాతా పుస్తకం మీది నంబరు కాస్త చదువుతారా అమ్మా అంది.

"చదువుతాను బాబూ. కళ్ళజోడు తెచ్చుకోవాలి. ఆగుతావా?"

"మెల్లిగా తెచ్చుకోండమ్మా."

అవే మాటలు, ఒక్కటీ పొల్లుపోలేదు. అక్క ఫోను బల్ల మీద పెట్టి లోపలి గదిలోకి వెళ్ళింది. బీరువా తలుపు కిర్రుమంది. ఖాతా పుస్తకం ఉండేది ఆ బీరువాలోనే. బల్ల మీద ఫోను ఓపిగ్గా కాచుకుని ఉంది. కాలు నేలను తొక్కింది, గట్టిగా తొక్కింది. అక్కడ బ్రేకు లేదు. కాలికి అందనిది చేతికి అందింది. ఎర్ర మీట నొక్కేశాడు.

అక్క గుమ్మంలోకి వచ్చింది. చేతులు ఖాళీగా ఉన్నాయి. కళ్ళజోడు ముక్కు మీద ఉంది. ఫోను మోగకముందు నుంచీ అక్కడే ఉంది. మాస్టారు ఫోన్నే చూశాడు గాని, ఆవిడ మొహం చూడలేదు.

"ఎందుకు పెట్టేశావు?"

"నువ్వు నంబరు చెబుతావేమోనని..."

"నంబరూ లేదు, గింబరూ లేదు. బట్టలు లోపల పెట్టడానికి వెళ్ళాను. వాణ్ణి ఆగమన్నాను, ఆగనీ. ఆగడం వాడి పనేగా. మొహాన పెట్టెయ్యడం నాకు ఈ జన్మకు రాదురా. విసుగొచ్చి వాడే పెట్టేస్తాడని వదిలేశాను."

అంతలోనే ఫోను మళ్ళీ మోగింది. ఈసారి మేనల్లుడు. అక్క ఫోను తమ్ముడి చేతికిచ్చింది. ఆయన హలో అన్నాడు.

"మావయ్యా? నువ్వక్కడేం చేస్తున్నావు? సరే, మావాడికి లైను కట్టయింది. పెట్టేసింది ఎవరు, అమ్మేనా?"

అమ్మే అంటే చాలు, సాయంత్రానికి కార్డు అక్క చేతిలో ఉంటుంది. మాస్టారు నోరు తెరిచాడు. అక్క కళ్ళజోడు పైనుంచి చూసింది. "నిజం చెప్పు. దొంగ లైసెన్సు నాకొద్దు."

"నేనేరా," అన్నాడాయన.

"పక్కవాడు బ్రేకు తొక్కితే ఏమవుతుంది మావయ్యా? నువ్వే చెప్పేవాడివి."

"ఫెయిల్."

"ఇంకోటి పెడతాను. ఈసారి నీక్కూడా చెప్పను."

ఫోను బల్ల మీద పెట్టాక కూడా మాస్టారు కుర్చీలోంచి లేవలేదు. అక్క మిగిలిన బట్టలు మడతపెట్టింది. చివరి తువ్వాలు దగ్గర ఆగి, "నీకు నడపడం వచ్చో రాదో ఇప్పటికీ నాకు తెలీదు గాని," అంది, "పక్కన కూర్చోవడం మాత్రం రాదు."

నాలుగో క్లాసు అక్క చెప్పింది. చెప్పిందంతా రెండు నిమిషాల్లో అయిపోయింది. పెట్టెయ్యలేనివాళ్ళు పెట్టెయ్యొద్దు. ఆగమని చెప్పి, ఫోను కింద పెట్టి, మీ పని మీరు చూసుకోండి. ఇది మాత్రం అందరికీ చిటికెలో వచ్చేసింది. నర్సమ్మ వార్డులో పిలుస్తున్నారని చెప్పి ఫోను బల్ల మీద పెట్టేసింది; వార్డు వదిలి ఎన్నేళ్ళయిందో ఆవిడకే తెలియాలి. అప్పుడు పాల సాకు చెప్పినాయన మళ్ళీ పాలే పొంగించాడు. పుస్తకాల గదిలో లైబ్రేరియన్ హలో హలో అంటుంటే, ఇవతల అందరూ నింపాదిగా పేపరు తిరగేశారు. తిరిగి ఫోను చేసి క్షమాపణ అడగాల్సిన పని ఎవరికీ పడలేదు. ఎవరూ ఎవరి మొహానా ఏమీ పెట్టెయ్యలేదు కదా.

"వాడు గంటసేపు ఆగితేనో?" అన్నాడు వెనక వరుసలోంచి మాస్టారు, ఉండబట్టలేక.

"ఆ గంటసేపూ వాడు ఇంకొకరి కొంప ముంచడు," అంది నర్సమ్మ.

రెండో పరీక్ష ఎప్పుడు జరిగిందో మాస్టారికి తెలియలేదు. అయిపోయాక మేనల్లుడే చెప్పాడు. "మావాడు భోజనం మానుకుని ఆగాడు మావయ్యా. అవతల గిన్నెలు తోమే చప్పుడట. మధ్యలో కూనిరాగం కూడానట. ఆకలేసి వాడే పెట్టేశాడు."

కార్డు ఇచ్చాడు. ఇచ్చాడు గాని, రోజుకు ఇంతకు మించి తీయడానికి వీల్లేదని బ్యాంకులో గీత గీయించి మరీ ఇచ్చాడు. ఆ గీత మీద తల్లీకొడుకుల మధ్య ఇంకా రగులుతూనే ఉంది.

కార్డు వచ్చిన వారానికి మాస్టారు అక్కకు ఫోను చేశాడు. "కుట్టుమిషనావిడకు ఇచ్చేశావా? ఎంతిచ్చావు? ఏటీఎం దగ్గరికి ఒక్కదానివే వెళ్ళకు, నేనొస్తాను. పక్కన ఎవడైనా నిలబడితే..."

"ఆగు," అంది అక్క. "కళ్ళజోడు తెచ్చుకుని చూసి చెబుతాను."

ఆయన ఆగాడు. అవతల కుర్చీ జరిగింది. వీధి తలుపు గడియ తీసిన చప్పుడైంది. మెట్లు దిగుతున్న చెప్పుల చప్పుడు కిందికి, కిందికి పోయింది. తివాచీ అరిగిన చోట కాలు తొక్కుతూనే ఉంది. పెట్టెయ్యడం ఆయనకూ చేతకాలేదు.

పన్నెండు వేల చేబదులులో నాలుగు వేలు ముట్టాయి. ఎనిమిది వేలు ఇంకా బాకీ.