అమ్మ ఎదురొచ్చిన ఊళ్లు

మా నాయన పార్లమెంటుకు నిలబడ్డప్పుడు నేను డిగ్రీ చదువుతున్నాను. తొంభైలనాటి మాట. మదనపల్లెలో మాకు టమాటా మండీ ఉండేది. మండీ చేసుకునే మనిషికి ఢిల్లీ ఎందుకని మా పెద్దమ్మ నవ్వింది కూడా. కానీ దేశం పద్ధతి తప్పిపోతోందని, ఆడవాళ్ల కట్టూ బొట్టూ మొదలుకుని బడి పుస్తకాల దాకా అన్నీ పాడైపోయాయని ఆయన బాధ. అదే మాట మాట్లాడే పార్టీ ఒకటి దొరికింది. టికెట్టూ ఇచ్చింది.

మా ఇంట్లో పద్ధతి అంటే ముందు ఎదురు. నాయన గడప దాటాడంటే అమ్మ నీళ్ల చెంబుతో ఎదురు రావాలి. ముత్తైదువ ఎదురొస్తే తలపెట్టిన పని జరుగుతుందని నమ్మకం. మండీకి పోయేటప్పుడు వాకిట్లో నాలుగడుగులు వేస్తే సరిపోయేది. ఎలక్షన్లో మాత్రం ఊరూరికీ ఎదురు కావలసి వచ్చింది. అమ్మనూ నన్నూ కారులో ముందే పంపేసేవాడు. ఊరి మొదట్లో దిగి అమ్మ చెంబు పట్టుకుని నిలబడేది. నాయన జీపు కనబడగానే ఏదో పనిమీద పోతున్నట్టు ఎదురు నడిచేది. నాకైతే ఒళ్లు మండిపోయేది.

అమ్మకు బీపీ. పుంగనూరులో అలా నడుస్తూ నడుస్తూ గోడ పట్టుకుంది. కళ్లు తిరిగాయా అంటే ఒప్పుకోలేదు. అప్పటినుంచి నాకు తిండి సహించలేదు, ఏ ఊళ్లో పడిపోతుందోనన్న దిగులే. నాయనతో చెప్పాను. పోలింగు దాకా ఓపిక పట్టమన్నాడు.

కుప్పం పోయిన రోజు ఎండ మాడ్చేసింది. పొద్దున వస్తుందన్న జీపు మధ్యాహ్నం దాటినా రాలేదు. దారిలో పల్లె పల్లెకూ ఆపి దండలు వేస్తున్నారట. టీ అంగడాయన పాపం బెంచీ వేసి కూర్చోమన్నాడు. నేనూ బతిమాలాను.

"జీపు వచ్చేసరికి నేను కూసోని ఉంటే ఏం బాగుంటాది మే? నిలబడనీ," అంది అమ్మ.

పెదవులు తెల్లబడుతున్నాయి. నేను ఆమె ముఖమూ రోడ్డు మలుపూ మార్చి మార్చి చూస్తున్నాను. చివరికి హారన్లు వినబడ్డాయి. అమ్మ కొంగు సర్దుకుని నడిచింది. జీపు దగ్గరికి రాకముందే చెంబు జారింది, వెంటనే అమ్మా పడిపోయింది. నీళ్లన్నీ రోడ్డు పాలు.

నాయన జీపులోంచి దూకి వచ్చాడు. నిజం చెప్పాలంటే ఆ రోజు ఆయన్ను ఏమీ అనడానికి లేదు. అమ్మను చేతుల మీద ఎత్తుకుని, మీటింగు వదిలేసి ఆసుపత్రికి తీసుకుపోయాడు. పొద్దుగూకే దాకా మంచం పక్కనే కూర్చున్నాడు. సెలైన్ ఎక్కుతున్నంతసేపూ అమ్మది ఒకటే గొణుగుడు, నీళ్లు ఒలికిపోయాయని.

నాయన ఓడిపోయాడు. ఆ పార్టీ పేరే సగం పల్లెల్లో ఎవరికీ తెలియదు, గెలుస్తాడని ఎవరనుకున్నారు గనక! అయినా పలకరించడానికి వచ్చిన చుట్టాలందరూ కుప్పం సంగతే ఎత్తారు. అంతా తన వల్లే అంది అమ్మ. కాదంటాడేమోనని నేను నాయన వైపు చూశాను. అనలేదు. ఆ కోపం నాకు ఇప్పటికీ పోలేదు.

రెండువేల సంవత్సరం దాటాక ఆయన మళ్లీ నిలబడ్డాడు. అప్పటికి నాకు పెళ్లయింది, ఆ రోజుల్లో పుట్టింటికి వచ్చి ఉన్నాను. నామినేషన్‌కు పోయే పొద్దున అమ్మ తలంటుకుని పట్టుచీర కట్టుకుంది. అంతలో మా చిన్నమ్మ, అంటే నాయన తమ్ముడి భార్య, చెంబుతో వాకిట్లోకి వచ్చి నిలబడింది. ముందురోజే నాయన కబురు పెట్టాడట. అమ్మకు ఎవరూ చెప్పలేదు.

అమ్మ కాసేపు చూసి, వంటింట్లోకి పోయి తలుపు వేసుకుంది. నాయన బయలుదేరేటప్పుడు అలా లోపలే ఉండిపోయేది మా ఇంట్లో అంతకుముందు మేనత్త ఒక్కతే, భర్త పోయినామె. నేను తలుపు తట్టాను, తిట్టాను, ఏడ్చాను. జీపు వెళ్లిపోయింది.

"పోయినాడా మీ నాయన?" లోపల్నుంచి అడిగింది అమ్మ. "ఇంక నేను బయటికి రావొచ్చునా?"