బావ గీసిన చెరువు

మా బావ కంప్యూటర్లో పొలాల పటాలు గీస్తాడు. ఊళ్లో ఆయన్ని పటం బావ అంటారు. ఆ పేరు పెట్టింది నేనే. నేను పెట్టని పేరు ఇక్కడ ఎవరికీ అతుక్కోదు. తొమ్మిదో తరగతిలో చదువు నన్ను భరించలేక పారిపోయింది గానీ, నా చూపు అలాంటిలాంటిది కాదు. డేగ కూడా నన్ను అడిగే వాలుతుంది.

బావ చూపు వేరు. ఎదురొచ్చే ఎద్దును పలకరించి, మనిషిని తప్పుకుని పోతాడు. తెర ముందు కూర్చుంటే మాత్రం ఆయనకు సాటి లేరు. ఉపగ్రహం తీసిన ఫొటో మీద గట్టు వెంట గీత లాగి, ఇది పైరు, ఇది బీడు, ఇది నీరు అని రంగులు నింపుతాడు. వాననీటిని ఎటు మళ్లించాలి, ఏ నేలను ఎలా వాడాలి అన్నదంతా ఆ రంగులను బట్టే తేలుస్తారు.

ఆ ఆఫీసులో ఒక పద్ధతి ఉంది. తమవాళ్ల భూమికి ఎవరూ పక్షపాతం చూపకుండా, గీసేవాళ్లకు ఊరి పేరు కనిపించనివ్వరు. కిటికీలకు మందపాటి తెరలు, వరసగా బల్లలు, ప్రతి బల్ల మీదా పేరు లేని నేల ముక్క.

ఒక మధ్యాహ్నం బావ ముందుకు నిగనిగలాడే నీలం ముక్క వచ్చింది. నీలమంటే నీరే కదా. చుట్టూ నీటుగా గీత లాగి, ‘చెరువు’ అని పెట్టి, తర్వాతి ముక్కకు వెళ్లిపోయాడు.

అది మా అక్క పొలం. వడగళ్లు పడతాయన్న భయంతో అక్క ఇంటింటికీ తిరిగి నీలం టార్పాలిన్లు అడిగి తెచ్చి నారు మీద కప్పింది. సరిగ్గా అప్పుడే పైనుంచి ఫొటో పడింది.

పటాన్ని అందరూ చూసుకునేలా బయట పెట్టగానే, ఫోన్లో మొదట పట్టుకున్నది నేనే.

“అక్కా, నీ పొలంలో చేపలు పట్టుకోవచ్చే!”

“నోర్ముయ్‌రా” అని నవ్వబోయి ఆగిపోయింది. తవ్వబోయే కాలువల గీతలన్నీ ఆ నీలం ముక్క వైపే తిరిగి ఉన్నాయి.

“ఏమండీ, మనం తినే తిండి పండే చోటు మీకు తెలియలేదా?” అని బావను నిలదీసింది.

“పైనుంచి ఎప్పుడు చూశానే?”

“రేపే పోయి చెరిపెయ్యండి.”

“ఎలా చెరపను? మనదని ఇప్పుడు తెలిసిపోయింది కదా.”

ఆఫీసరూ అదే అన్నాడు. “తెలియక గీశావు కాబట్టి ఆ గీత చెల్లుతుందయ్యా. తెలిసి చెరిపితే చెల్లదు.” అక్క తీసిన ఫొటోలు చూపిస్తే, “ఇది మీ మట్టేనని మట్టి చెబుతుందా?” అన్నాడు. పక్క బల్లాయన జాలిపడి, కొత్త ఫొటో రాగానే తాను మారుస్తానన్నాడు. కొత్త ఫొటో నిండా మబ్బులు. ఆ తర్వాత వచ్చినదీ అంతే.

బావ అడకత్తెరలో పోకచెక్క అయ్యాడు. ఇంట్లో అక్క కంచం పెట్టే చప్పుడు, ఆఫీసులో తాను ముట్టుకోరాని నీలం ముక్క. వీధిలో ఆకాశం చూస్తూ నడిచి కరెంటు స్తంభాన్ని గుద్దుకున్నాడు.

“ఒక్క ఊదు ఊదితే మబ్బులు పొరుగూళ్లో పడతాయి. ఊదమంటావా బావా?”

“ఊదరా బావమరిదీ. నీ కోతలు ఒక్కసారన్నా పనికిరానీ.”

ఊదాను. మబ్బులు కదల్లేదు, తవ్వే యంత్రం వచ్చింది. కాలువ అక్క పొలం గట్టు దాకా చేరినప్పుడు బావ పరుగున వెళ్లి అడ్డం నిలబడ్డాడు. యంత్రం నడిపేవాడు ఫోన్ చూపించాడు.

“ఇక్కడ చెరువుంది సార్.”

“ఎక్కడుందయ్యా? నేను నిలబడ్డది పొడి నేల మీద!”

“దీని ప్రకారం మీరు పీకల్లోతు నీళ్లలో ఉన్నారు. తప్పుకోండి. గీసినవాడికి తెలియదా?”

“గీసింది నేనే!”

“మరింకేం సార్, మీకు తెలిసే ఉంటుంది” అంటూ గట్టు తెంపేశాడు.

వాన పడింది. పైనున్న నీళ్లన్నీ కాలువ పట్టుకుని దిగాయి, నారు మునిగింది. అంతా అయ్యాక మబ్బు విడిచింది. పక్క బల్లాయన బావను పిలిచి కొత్త ఫొటో చూపించాడు. నీళ్లు బావ గీసిన గీత దాకా నిండి ఉన్నాయి. మార్చడానికి ఏమీ లేదు.

బావ ఇంటికి వచ్చేసరికి అక్క వాకిట్లో టార్పాలిన్లు దులుపుతోంది, ఎవరివి వాళ్లకు ఇచ్చేయడానికి.

“ఫొటో వచ్చిందా?”

“వచ్చింది.”

“ఎలా ఉంది?”

“స్పష్టంగా ఉంది.”

అక్క ఒక కొస ఆయన వైపు విసిరింది. “పట్టుకోండి, మడత పెడదాం.”