ఎండబెట్టకూడని విత్తనాలు

మా బాటనీ మేడం పోయిన కబురు నాకు నిజామాబాద్ బస్టాండులో తెలిసింది. ఆమెను చూడడానికే బోధన్ బస్సు కోసం నిలబడి ఉన్నాను. కాలేజీ ల్యాబ్ అటెండర్ అన్న ఎదురొచ్చి, చేతిలో సంచి కింద పెట్టి, "పొద్దుగాలనే పోయిండ్రమ్మా. ఇగ నువ్వు జల్ది పోయినా, నిదానంగ పోయినా ఒక్కటే" అన్నాడు.

అయినా వచ్చిన మొదటి బస్సే ఎక్కాను. చక్కెర ఫ్యాక్టరీకి పోయే చెరుకు బండ్ల వెనక బస్సు నత్తలా నడిచింది. ఈ దారిలోనే ఆమె ఏళ్ళ తరబడి కాలేజీకి వచ్చి పోయారు. బండ్లు అడ్డం పడ్డప్పుడల్లా ఒళ్ళో మా రికార్డులు పెట్టుకుని దిద్దేవారు. గీత వంకర పోయిన చోట బస్సు కుదిపిందని మాకు తెలిసిపోయేది.

డిగ్రీ అయ్యాక ఉద్యోగం దొరక్క, ఇంట్లో కూర్చోలేక, ఆమె ల్యాబులో చేతిసాయానికి చేరాను. అప్పుడామె సుగంధిపాల మీద పనిచేస్తున్నారు. ఒంటి వేడికి మనవాళ్ళు కషాయం కాచుకునే వేరు అది. వేరు కోసం తవ్వితే తీగ పోతుంది. వేల్పూర్ అవతలి గుట్టల్లో బస్తాలకు బస్తాలు తవ్వి అమ్మేసరికి, వెతికినా కనబడని రోజు వచ్చింది. దాని గింజలు దూదిలా ఎగిరిపోతాయి, మొలిచేవి తక్కువ.

అందుకని మేడం తీగను కణుపు కణుపుగా కోసి, సీసాల్లో పెంచి, ఒక్కో చిగురు మొగ్గను సముద్రపు నాచుతో చేసిన చిక్కటి ద్రవంలో ముంచి, కాల్షియం కలిపిన నీళ్ళలోకి చుక్కగా జారవిడిచేవారు. చుక్క కాసేపటికి గట్టిపడి, నానిన సగ్గుబియ్యం గింజలా అయ్యేది. లోపల పచ్చటి మొగ్గ కనబడేది. కృత్రిమ విత్తనం అంటే అదే. సీసాలను ఆవిరిలో ఉడికించి క్రిములు చంపడానికి ఇంట్లో పప్పు వండే కుక్కరే తెచ్చారు. మొగ్గల తిండిలోకి బోధన్ ఫ్యాక్టరీ చక్కెర.

"గిది పెద్ద పెద్ద ల్యాబులల్ల చేసే పని గద మేడం" అన్నానొకసారి.

"పెద్ద ల్యాబులకు మన గుట్ట తెల్వది పిల్లా" అన్నారు, తల ఎత్తకుండానే.

గుట్ట కింది ఊళ్ళో వేర్లు తవ్వి బతికే ఒక అవ్వ ఉండేది. మేడం ఆమెకు నీతులు చెప్పలేదు. "నువ్వు తవ్వకుంటే ఇంకొకలు తవ్వుతరు, నాకెర్కే. తవ్విన కాడ ఇవి పెట్టు అవ్వా. విత్తనాలు" అని, తడి దూదిలో సర్దిన గింజల డబ్బా ఆమె చేతిలో పెట్టారు. ఎండాకాలమంతా మేం చేసిన పని ఆ డబ్బాలో ఉంది. వానలు ఆ ఏడు ఆలస్యమయ్యాయి.

రెండు వారాలకు వెళ్తే, అవ్వ సంబరంగా చాట తెచ్చి ముందు పెట్టింది. చాటనిండా బూడిద. అందులో ఆవాలంత ఎండిన గింజలు. "మూడు దినాలు ఎండవెట్టిన. బూడిద గలిపిన. వాన వడేదాక పురుగు ముట్టది" అంది.

నా నోరు ఆగలేదు. "అంత ఖరాబ్ చేసినవ్ గదనే అవ్వా."

మేడం నా చెయ్యి గట్టిగా పట్టుకున్నారు. బస్సెక్కాక అన్నారు: "విత్తనమని చెప్పిందెవరు? నేను. విత్తనం చేతిల వడితే ఎండవెట్టక ఏం జేస్తది? తరతరాల నుంచి అట్లనే కాపాడుకున్నరు. తప్పు ఆమెది గాదు, నా మాటది."

మరుసటి ఆదివారం ఆమె మళ్ళీ అవ్వ అరుగు మీద ఉన్నారు. "ఇవి విత్తనాలు కావు అవ్వా. కోడి పొదిగే గుడ్లనుకో. తడి ఆరితే సస్తయ్, ఎండ తగిల్తే సస్తయ్."

"గట్లని గప్పుడే చెప్పొద్దా? గింత సదువు సదివినవ్, గా ఒక్క మాట రాలేదా నీకు?"

మేడం కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వారు. నేను ఆమెను అంతగా నవ్వగా చూసింది ఆ ఒక్కసారే.

ఆ గుట్ట నుంచి తెచ్చిన తల్లి తీగలు ల్యాబులో అప్పటికి రెండే మిగిలాయి; కొత్త గింజలు వాటి నుంచే చేయాలి. ఆమెకు జబ్బని తెలిసింది కూడా అప్పుడే. తను వేస్తే చుక్క గుండ్రంగా రావడం లేదని ఆ పని నాకిచ్చి, పక్కన కుర్చీలో కూర్చుని చూసేవారు. బతుకమ్మ పండుగ ముందర ఆ గింజలు అవ్వకు చేరాయి. తర్వాత మేడం కాలేజీకి రాలేదు. ఎప్పుడు ఫోన్ చేసినా ఒకటే ప్రశ్న: "మొలకలు లేచినయా?" పోయి చూసి రమ్మన్నారు. నేను ఉద్యోగం పరీక్షలంటూ హైదరాబాద్‌లో తిరిగాను. ఆ రోజు బస్టాండులో నిలబడ్డప్పటికి కూడా నేను గుట్టకు పోలేదు.

ఆమె దినాలు అయిన మర్నాడు గుట్ట ఎక్కాను. అవ్వ ఒక బండ పక్కన, మోదుగాకులు కప్పిన నేల ముందు కూర్చుని ఉంది. ఒక ఆకు ఎత్తి చూపించింది. కింద సన్నటి సుగంధిపాల ఆకుల జత, నడుమ తెల్లటి గీతతో. ఇంకో ఆకు ఎత్తింది, అక్కడ ఏమీ లేదు. మూడో దాని కింద ఉంది.

"మీ మేడం రాలేదా?"

చెప్పాను. అవ్వ పక్కనున్న చెంబులో కొంగు ముంచి, ఆ చిన్న మొక్క మొదట్లో పిండసాగింది, ఒక్కో చుక్క ఇంకేదాకా ఆగి, మళ్ళీ ఇంకో చుక్క.