బల్లకిచ్చిన మాట

పోయిన నెల ఒక మధ్యాహ్నం ఎండుమిరపకాయలకు తొడిమలు తీస్తూ కూర్చున్నప్పుడు, మా మనవరాలు నా ఫోనుకు ఒక ఫోటో పంపింది. మిరప ఘాటుకు కళ్లు మండుతున్నాయో, వయసుకు చూపే మసకబారిందో, మొదట అది ఏమిటో అర్థం కాలేదు. చేతులు కడుక్కుని, కళ్లజోడు తుడుచుకుని, బొమ్మను రెండు వేళ్లతో పెద్దది చేసి చూస్తే, నున్నటి గోడ మీద మెరిసే ఇత్తడి అక్షరాలు మూడు కనిపించాయి. ఇంగ్లీషులో ఏ, ఎమ్, ఓ. కింద మా పిల్ల ఇలా రాసింది: "అమ్మమ్మా, ఇది మా స్కూలు మోటో. ఆమో. లాటిన్‌లో ప్రేమిస్తున్నాను అని అర్థమంట. నువ్వు చదివినప్పుడు కూడా ఉండేదా?" ఉండేది అని రాయబోయి ఆగాను, లేదు అని రాయబోయి మళ్లీ ఆగాను, చివరికి ఫోను బోర్లించి మిరపకాయల దగ్గరికే వెళ్లాను.

మన ఈడు వాళ్లు నమ్ముతారో లేదో గానీ, అంతర్జాతీయ పాఠశాల అనే మాట ఇప్పటిలా ప్రతి బైపాస్ రోడ్డు పక్కనా హోర్డింగుల మీద కనిపించని రోజుల్లోనే, చిలకలూరిపేట దాటాక మా ఊరి పక్క కొండ మీద అలాంటిది ఒకటి ఉండేది. పొగాకు కొనడానికి వచ్చిన దొరల పిల్లలు, ఆసుపత్రుల్లో పనిచేసే విదేశీ డాక్టర్ల పిల్లలు, ఆఫ్రికా నుంచీ మలయా నుంచీ ఓడల్లో వచ్చిన పిల్లలు అక్కడే ఉండి చదువుకునేవారు. మా ఊళ్లో దాన్ని దొరల బడి అనేవాళ్లం. ఆ వరండాలో నిలబడితే మా కళ్లాల్లో ఆరబోసిన మిరపకాయలు ఎర్రగా, వాటి వెనక పత్తి చేలు తెల్లగా కనిపించేవి. కాస్త మెడ సాచితే మా ఇంటి కప్పు కూడా కనిపించేది. ఏడు సముద్రాలు దాటి వచ్చిన వాళ్లంతా అక్కడ సొంత ఇంట్లో ఉన్నట్టు తిరుగుతుంటే, రెండు మైళ్ల దూరం నుంచి వెళ్లిన నేనొక్కదాన్నే పరాయిదాన్ని. ఇదేం చోద్యమో నాకు అప్పుడూ అర్థం కాలేదు, ఇప్పుడూ కాలేదు.

మాది దూది ఏకే కుటుంబం, ఇంట్లో తెలుగే మాట్లాడుకునే ముసల్మానులం. నాన్న దూది ఏకే విల్లు భుజాన వేసుకుని ఊరూరా తిరిగి పరుపులూ బొంతలూ కుట్టేవాడు. ఆ విల్లు నారిని చెక్క గుండుతో కొడితే టుంయ్ టుంయ్‌మని మోగుతుంది, దాని కింద గట్టిపడిన దూది విడిపోయి మబ్బులా లేస్తుంది. ఇప్పటి పిల్లలకు ఫోము పరుపులు తప్ప ఆ చప్పుడు తెలియదు గనక చెబుతున్నాను. నా పదో ఏట నాన్న నెల్లాళ్లపాటు దొరల బడి హాస్టలుకు పరుపులు కుట్టాడు. నేను అన్నం క్యారేజీ తీసుకెళ్లి, నాన్న తినేలోపు అక్కడ గోడల మీద ఉన్న అక్షరాలన్నీ కూడబలుక్కునేదాన్ని. అది చూసి ఆ బడి పెద్ద దొరసాని, చుట్టుపక్కల పిల్లల్లో ఒకరికని ఆ ఏడే కొత్తగా పెట్టిన సీటు నాకిస్తానంది. ఆవిడ ముందు నాన్న మెత్తగా తల ఊపాడు గానీ, కొండ దిగేటప్పుడు మాత్రం దారిలో కనబడ్డ ప్రతివాడినీ ఆపి చెప్పాడు. అలా మా నాన్న కుట్టిన పరుపు మీదే నేను హాస్టల్లో పడుకున్నాను. ఆ సంగతి మాత్రం అక్కడ ఎవరికీ చెప్పలేదు.

ఇక ఆ బడి ఆచారం గురించి చెప్పాలి. భోజనాల గదిలో పొడుగాటి బల్లలు ఎనిమిది ఉండేవి, ఒక్కో బల్లకు ఒక కుటుంబంలా పెద్దక్క, పెద్దన్న, చిన్నవాళ్లు. కొత్తగా వచ్చినవాళ్లు మాత్రం మొదటి నెల తలుపు పక్కనున్న అతిథుల బెంచీ మీద తినాలి. నెల తిరిగాక ఒక శనివారం మధ్యాహ్నం ఒక్కొక్కరినీ ఒక్కో బల్ల దగ్గర నిలబెట్టేవారు. వాళ్లు తమ ఇంటి భాషలోంచి ఒక మాట బల్లకు ఇవ్వాలి, బల్ల మొత్తం ఆ మాటను మూడుసార్లు గట్టిగా అనాలి, తరవాత దాన్ని గోడ మీది చెక్క బోర్డుకు ఎక్కించాలి. ఆ పూట నుంచి ఆ బల్ల మనది, ఆ మాట బల్లది. వంట చేసే పిన్ని, వేటపాలెం ఆవిడ, దీన్ని మాటిచ్చే రోజు అనేది. మాటివ్వలేని పిల్లలు మళ్లీ ఏడాది దాకా అతిథులే. అదే గనక జరిగితే పెట్టె సర్దుకుని కొండ దిగిపోదామని నేను నిశ్చయించుకున్నాను. తలుపు పక్కన కూర్చుని తినడం ఇంకో ఏడాది నావల్ల కాదు.

ఏ మాటివ్వాలో నాన్నే చెప్పాడు. "దూది అని చెప్పమ్మా. మనకు అన్నం పెట్టే మాట. ఏ దేశపోళ్లకైనా నోరు తిరుగుద్ది" అన్నాడు. నిజమే, చిన్న మాట, మెత్తటి మాట. నెల్లాళ్లూ స్నానం చేస్తూ, జడ వేసుకుంటూ దూది దూది అని వల్లెవేశాను.

ఆ శనివారం నన్ను మూడో బల్ల దగ్గర నిలబెట్టారు. పది జతల కళ్లు, అందులో నీలివి కొన్ని, పిల్లికళ్లు కొన్ని. పెద్దక్క, ఆఫ్రికా నుంచి వచ్చిన పొడుగాటి పిల్ల, నవ్వుతూ నీ మాటేమిటి అని ఇంగ్లీషులో అడిగింది. దూది నాలుక చివరిదాకా వచ్చింది. ఈ మాటకు అర్థం అడుగుతారు, చెబితే ఎక్కడి దూది అంటారు, పరుపుల సంగతి వస్తుంది, మొన్నటిదాకా వరండా చివర కూర్చుని పరుపులు కుట్టినాయన మా నాన్నేనని తెలిసిపోతుంది అనిపించింది. నిజంగా అప్పుడే అనిపించిందో, పెద్దయ్యాక నాకు నేను అల్లుకున్నానో చెప్పలేను. మరిచిపోయానా, దాచానా? యాభై ఏళ్లుగా అడుగుతూనే ఉన్నాను, నాకింతవరకూ తేలలేదు. పెద్దక్క రెండోసారి అడిగింది. నాకు తెలియకుండానే నా నోట్లోంచి వచ్చేసింది: "ఏమో!"

బల్ల మొత్తం లేచి నిలబడింది. ఎయ్‌మో, ఎయ్‌మో, ఎయ్‌మో అని కప్పు ఎగిరిపోయేలా మూడుసార్లు అరిచారు. కాదు కాదు అని చేతులు ఊపితే సంబరపడుతున్నాననుకున్నారు, ఏడిస్తే ఆనందబాష్పాలనుకున్నారు. పెద్దక్క కుంచె తీసుకుని తనకు వినబడినట్టు ఏ, ఎమ్, ఓ అని బోర్డు మీద రాసేసింది. పెద్ద దొరసాని ఆ అక్షరాలు చూసి ఎందుకో మురిసిపోయింది. ఆ మురిపెం లాటిన్ వల్లేనేమోనని మొన్నటి ఫోటో చూశాకే నాకు అనుమానం వచ్చింది. అప్పుడు మాత్రం ఆవిడ వంటపిన్నిని పిలిచి ఈ మాటకు అర్థమేమిటని అడిగింది. కూర గరిటె చేత్తో పట్టుకునే వచ్చిన పిన్ని నా మొహం చూసింది, బోర్డు చూసింది, సంగతి అర్థమైపోయింది. తనకొచ్చిన నాలుగు ఇంగ్లీషు ముక్కల్లో మంచి మాటే అమ్మగారూ, మా ఊళ్లో అందరూ రోజూ అనేదే అని చెప్పి, వెనక్కి పోతూ నా పక్కన ఆగి, "నేనేం అబద్ధం ఆడలేదే తల్లీ, ఇంక ఏడుపాపి కూర్చుని తిను" అంది. అందరూ రోజూ అనేదంటే పలకరింపే అయ్యుంటుందని దొరసాని తీర్మానించింది.

అంతే, ఏకై వచ్చి మేకై కూర్చుంది. పొద్దున్నే ఎదురైతే ఎయ్‌మో, దానికి బదులు ఎయ్‌మో. ఆటలో గెలిస్తే అదే, పరీక్షకు వెళ్లేముందూ అదే. మూడో బల్ల మాట ఆరు నెలల్లో ఎనిమిది బల్లల మాటయింది. ఆ మాట తెచ్చిన పిల్లనని నన్ను పిలిచి పక్కన కూర్చోబెట్టుకునేవారు, సెలవుల్లో వచ్చిన స్వీట్లు నాకు ముందు పెట్టేవారు. నేను తేలుకుట్టిన దొంగలా నోరెత్తకుండా అవన్నీ తిన్నాను. సంతోషంగా ఉండేదా అంటే ఉండేది, సిగ్గుగా ఉండేదా అంటే అదీ ఉండేది, ఏది ఎప్పుడు వచ్చేదో నాకే తెలిసేది కాదు.

ఒక్క పెద్దక్కకు మాత్రం నిజం చెప్పాను. ఆ ఏడు వాళ్ల దేశంలో యుద్ధం వచ్చి ఇంటి నుంచి ఉత్తరాలు ఆగిపోయాయి. ఒకరోజు ఆమె వరండాలో నా పక్కన కూర్చుని, మా ఇంటి కప్పు చూపించి, నీకు ఇల్లు కనిపిస్తుంది, నేను మా ఇంటికి ఎప్పుడు వెళతానో అంది. నేను జవాబుగా ఏమో అన్నాను, పలకరింపులా కాకుండా మన ఊళ్లో అన్నట్టు. ఆ తేడా ఆమె చెవికి తెలిసింది. నిలదీస్తే, అర్థమేమిటో, ఎలా వచ్చిందో మొత్తం చెప్పేశాను. ఆమె కళ్లనీళ్లు వచ్చేలా నవ్వింది, తరవాత నిజంగానే ఏడ్చింది, ఎవరికీ చెప్పకు, ఈ మాట మనకు కావాలి అంది. ఆ రోజు నుంచే ఆ బల్ల నాది అనిపించింది. కానీ దూది గురించి మాత్రం ఆమెకు కూడా చెప్పలేకపోయాను.

తరవాత ఒక ఆదివారం నాన్న చూడ్డానికి వచ్చాడు, ఉతికిన చొక్కా, తలకు కొత్త టోపీ, పరుపులాయనని ఎవరూ పోల్చుకోలేదు. గేటు దగ్గర పిల్లలంతా మర్యాదగా ఎయ్‌మో, ఎయ్‌మో అని పలకరించారు. నాన్న బిత్తరపోయి, "ఏమో అంటారేందే ఈళ్లు? నేనేం అడగలేదుగా!" అన్నాడు. వాళ్ల భాషలో అది నమస్కారం నాన్నా అన్నాను. తరవాత భోజనాల గది చూస్తానన్నాడు. బోర్డు ముందు నిలబడి, "మన మాటిచ్చావామ్మా? ఏది, ఏడుంది?" అన్నాడు. నాన్నకు ఇంగ్లీషు అక్షరాలు రావు. ఇచ్చాను నాన్నా అని ఆ మూడక్షరాల మీద వేలు పెట్టాను. నాన్న దగ్గరికెళ్లి, అరచేత్తో ఆ అక్షరాల మీద దుమ్ము లేకపోయినా తుడిచాడు. బయటికొచ్చేటప్పుడు వంటపిన్నితో చాలాసేపు మాట్లాడాడు. ఆవిడ చెప్పిందో లేదో, నాన్న తెలిసీ ఊరుకున్నాడో తెలియక మురిసిపోయాడో, ఆయన పోయేదాకా అడగలేదు. అడగడానికి ఎన్ని సందర్భాలు వచ్చాయో తలుచుకుంటే ఇప్పటికీ నామీద నాకు కోపం వస్తుంది.

ఆ బడి చేతులు మారింది, ఏసీ గదులొచ్చాయి, చెక్క బోర్డు పోయి ఇత్తడి అక్షరాలొచ్చాయి. ఈ ఏడు మా అమ్మాయీ అల్లుడూ పిల్లను అక్కడే ఆరో తరగతిలో చేర్చారు. ఫోటో పంపిన నాలుగు రోజులకు ఫోన్ చేసింది. మాటిచ్చే ఆచారం ఇంకా ఉందట, కాకపోతే ఇప్పుడు ముందుగా కంప్యూటర్లో ఫారం నింపాలట, అర్థం రాయాలట, బొమ్మలతో స్లైడ్లు చేసి చూపించాలట. అందరూ పెద్ద పెద్ద మాటలు పెడుతున్నారు, నాకేం తోచట్లేదు, ఇంటికొచ్చేస్తాను, "ఏ మాటివ్వను అమ్మమ్మా?" అంది. అలవాటు కొద్దీ ఏమోనే అన్నాను. "అది వద్దు, ఆమో ఇప్పటికే ఉందిగా! వేరేది చెప్పు" అంది. నాకు నవ్వొచ్చింది. నా మాట నాకే చెల్లకుండా పోయింది. ఆ నవ్వులోంచే, ఆలోచించకుండానే, "దూది అని చెప్పు" అన్నాను. "దూదా? ఎందుకు?" అంటే, యాభై ఏళ్లు నోరు విప్పనిదాన్ని, పరుపుల సంగతి చెప్పేశాను.

మొన్న శనివారం వీడియో పంపింది. మా పిల్ల బల్ల దగ్గర నిలబడింది. వెనక తెర మీద మా నాన్న ఫోటో, ఇంట్లో ఉన్నది ఒక్కటే, విల్లు భుజాన ఉన్నది. ఈయన మా ముత్తాత, మన హాస్టల్లో ఒకప్పుడు పరుపులు ఈయనే కుట్టాడు అని ఇంగ్లీషులో గడగడా చెప్పి, దూది అంది. ఎక్కడా తడబడలేదు, ఎవరూ నవ్వలేదు. పిల్లలంతా లేచి దూది, దూది, దూది అని మూడుసార్లు అరిచారు. నాన్న చెప్పింది నిజమే, అన్ని దేశాల పిల్లలకూ నోరు తిరిగింది. ఇంత తేలికైన మాటకు నేను అంత భయపడ్డానా అని ఆ వీడియో చూస్తూ ఏడ్చాను.

ప్రేమిస్తున్నాను అనే మాట కాదమ్మా అది, మీ అమ్మమ్మ తడబాటు అని పిల్లకు చెప్పాలా అని రోజూ అనుకుంటున్నాను. చెబితే ఆ గోడ ముందు నిలబడ్డప్పుడల్లా నవ్వుకుంటుందేమో, లేక నమ్మదేమో. అసలు అది నాదేనో, లాటిన్ వాళ్లదేనో, ఇన్నేళ్లు పోయాక నాకే నమ్మకం కుదరడం లేదు. ఆ వీడియోలో ఇత్తడి అక్షరాల పక్కనే కొత్తగా దూది కూడా కనిపించింది. ఆ గోడ మీద ఇప్పుడు మా ఇంటి మాటలు రెండున్నాయా, ఒకటే ఉందా అని నాన్న వచ్చి అడిగితే, ఈసారి అబద్ధం చెప్పను. వేలు పెట్టి దూదిని చూపిస్తాను. ఆ పక్కదేమిటమ్మా అంటే మాత్రం, ఏమో నాన్నా అంటాను.