నాలుగడుగుల దూరంలో కూర్చునే మనిషి

నలభై తొమ్మిదో ఏట ఫిడేలు ఎందుకు పట్టావని ఎవరైనా అడిగితే చెప్పడానికి ఒక జవాబు తయారుగా పెట్టుకున్నాను. ఇంతవరకూ ఎవరూ అడగలేదు. కాబట్టి ఇక్కడే చెప్పేస్తాను. అమ్మ పోయాక ఇంట్లో చప్పుడు లేదు, అందుకు.

నేను చంద్రపూర్‌లో ఒక మరాఠీ బడిలో లెక్కల టీచర్ని. పెళ్ళి చేసుకోలేదు. దాని వెనక పెద్ద కథేమీ లేదు, ఉందనుకుని జాలిపడేవాళ్ళంటే నాకు ఒళ్ళు మంట. అన్న రాజురాలో పొలం చూసుకుంటాడు. నది దాటితే అన్న ఊరే, అయినా మా మధ్య పండగకొక ఫోను, అంతే. అమ్మ నా దగ్గరే ఉండేది. బడిలో మరాఠీ, బజారులో హిందీ, ఇంటికొచ్చి చెప్పులు విప్పగానే తెలుగు. అమ్మతో పాటు ఆ తెలుగూ పోయింది. ఒకరోజు పాలు పొంగితే "అయ్యో, పాయె!" అని నా నోట్లోంచి వచ్చిన మాటకు నేనే ఉలిక్కిపడ్డాను. తెలుగు మాట పలికి ఎన్నాళ్ళయిందో లెక్కల టీచర్ని అయ్యుండీ లెక్క చెప్పలేకపోయాను.

ఫిడేలు తేలిగ్గానే వచ్చింది, అట్టపెట్టెలో. గురువు దొరకడమే కష్టమైంది. మా ఊళ్ళో నేర్పేవాళ్ళు నాకు దొరకలేదు, అందుకని ఫోన్లో వెతికాను. మొదట దొరికిన కుర్రాడు హైదరాబాదువాడు. తెలుగు వస్తుందని రాసుకున్నాడు గానీ పాఠమంతా ఇంగ్లిషులోనే నడిపించాడు. రెండో ఆయన పూణే ఆయన, మహా మంచివాడు. నేనేం వాయించినా "వాహ్, వాహ్" అనేవాడు. ఇరవై నాలుగేళ్ళుగా పిల్లల లెక్కలు దిద్దుతున్నదాన్ని, చూడకుండా పెట్టే టిక్కు ఎలా ఉంటుందో నాకు తెలియదా? ఒకరోజు కావాలని అపస్వరాలే వాయించాను. "బహుత్ బఢియా" అన్నాడు. ఆరోజుతో సరి.

మూడో ఆవిడది విజయవాడ. పెద్దావిడ. మొదటిరోజు నేను రెండు స్వరాలు వాయించగానే ఆపమన్నారు.

"మీ ఫోన్లో చప్పుళ్ళు తీసేసే ఏర్పాటు ఒకటి ఉంటుందండి. ముందు దాన్ని ఆపండి. అది మీ ఫిడేలునే చప్పుడనుకుని మింగేస్తోంది."

నిజమే. అంతకుముందు రెండు నెలలు నా వాయింపులో సగం పూణే చేరనే లేదు. చేరని దానికి ఆయన వాహ్ అన్నాడు! నాకు నవ్వాగలేదు. ఆవిడ నవ్వలేదు. నేను కింద కూర్చున్న తీరు, ఫిడేలు తల పాదమ్మీద ఆనించిన తీరు, కమాను పట్టిన వేళ్ళు ఒక్కొక్కటీ చూసి సరిదిద్దారు. మంచి గురువు దొరికారని ఆ అరగంటలోనే తెలిసిపోయింది. అప్పుడావిడ అడిగారు: "ఇంట్లో ఎవరున్నారండీ? పిలవండి."

అది ఆవిడ పద్ధతి. ఫోన్లో స్వరం వినిపిస్తుంది గానీ నాదం రాదట. కమాను తీగ మీద బరువుగా పడుతోందా, పలచగా పోతోందా అన్నది గదిలో ఉన్నవాళ్ళకే తెలుస్తుందట. అందుకని పాఠం చివర ఐదు నిమిషాలు ఇంట్లోవాళ్ళొకరు నాలుగడుగుల దూరంలో కూర్చుని విని, తమకు తోచింది చెప్పాలి. సంగీతం రానక్కర్లేదు, చెవులుంటే చాలు. అందరి ఇళ్ళల్లో అమ్మో, భర్తో, ఎవరో ఒకరు ఉంటారు కదా.

"మా అన్న ఉంటడమ్మా," అన్నాను. "ఇప్పుడు బజారుకు పోయిండు."

ఎందుకన్నానో నాకు బాగా తెలుసు. ఎవరూ లేరంటే ఆవిడ వద్దంటారేమోనని భయం. ఆదివారానికొక్కసారైనా నాతో తెలుగులో మాట్లాడడానికి దొరికిన మనిషి ఆవిడొక్కరే. ఆ అరగంట కోసం నేను శనివారం నుంచే ఇల్లు ఊడ్చిపెట్టుకునేదాన్ని, ఫోన్లో ఇల్లంతా కనపడుతుందన్నట్టు.

అలా ప్రతి ఆదివారం అన్న బయటికి పోయేవాడు. "అయితే వారంలో విన్నారా, ఏమన్నారు?" అని ఆవిడ అడిగేవారు. "మంచిగుందన్నడు" అనేదాన్ని. ఎప్పుడూ మంచిగుందంటే నమ్మరేమోనని తెలివి చూపించబోయి, ఒకసారి "జర పలచగుందన్నడు" అన్నాను. నా కొంప ముంచింది ఆ మాటే. ఆవిడ దాన్ని పట్టుకున్నారు. కమాను మీద బరువు పెంచమన్నారు. పెంచాను. తర్వాతి వారం అన్న ఇంకా పలచగానే ఉందన్నాడు. ఇంకా పెంచాను. లేని మనిషి మాట మీద నాలుగు నెలలు చెయ్యి పాడుచేసుకున్నాను. బొటనవేలు నొప్పితో బడిలో సుద్దముక్క పట్టలేని రోజు కూడా వచ్చింది.

ఆవిడ చివరికి నా చెయ్యి చూసే కనిపెట్టారు. "అంత గట్టిగా పట్టుకున్న చేతికి పలచటి నాదం రాదండీ. వచ్చేవారం మీ అన్నగారిని కూర్చోబెట్టండి. నేనే మాట్లాడతాను."

అప్పుడు చెప్పేశాను. "అన్న ఇక్కడ లేడమ్మా. రాజురాల ఉంటడు. ఈ ఇంట్ల ఎవ్వరు లేరు. అన్ని నేనే చెప్పిన."

తెరమీద ఆవిడ మొహం కదల్లేదు. నెట్టు పోయిందనుకున్నాను. పోలేదు.

"నాలుగు నెలలు గాలికి పాఠం చెప్పించారండీ నాతో," అన్నారు. "మనిషిని తీసుకురండి. లేకపోతే మీకు నేర్పడం నావల్ల కాదు."

ఆ వారం నా ఫోన్లోని పేర్లన్నీ పైనుంచి కిందిదాకా చూశాను. గ్యాసు, ప్లంబరు, స్టాఫ్‌రూము, పాలు. ఇరవై నాలుగేళ్ళు ఒకే ఊళ్ళో ఉండి, ఐదు నిమిషాలు వచ్చి కూర్చోమని అడగగలిగే మనిషి ఒక్కరు లేరు. సిగ్గేసింది. తోటి టీచరొకామెను అడిగితే "ఏంటి విశేషం, ఏదైనా పూజ ఉందా?" అంది. ఇక్కడ ఆడవాళ్ళను ఇంటికి పిలవాలంటే సంక్రాంతి దాటాక హల్దీకుంకూ, అంటే పసుపుకుంకుమల పేరంటం, ఉండాలి, లేదా సత్యనారాయణ పూజ ఉండాలి. హల్దీకుంకూలు పెళ్ళయినవాళ్ళు చేసుకునేవి. పూజ నేనెప్పుడూ చేయలేదు. ఊరికే రమ్మనడం నాకు చేతకాదు.

ఆదివారం పొద్దున కింది వాటాలోకి దిగాను. అక్కడుండే ఆమెను వహినీ అంటాను, అంటే వదినా అని. నీళ్ళ మోటారు ఆపడం మర్చిపోతుందని ఎండాకాలంలో ఆమెతో పెద్ద గొడవే పెట్టుకున్నాను. అప్పట్నుంచీ మాటల్లేవు. మరాఠీలో అడిగాను. ఆమె పిండి చేతులు కొంగుకు తుడుచుకుంటూ నన్ను కిందినుంచి పైదాకా చూసింది.

"నాకు పాటల గురించి ఏం తెలియదు మ్యాడమ్."

"తెలియకపోతేనే మంచిది. రండి."

వచ్చి కుర్చీ అంచున కూర్చుంది. వాయించాను. గురువుగారు తెలుగులో అడిగారు, నేను మరాఠీలో చెప్పాను. వహినీ మొహమాటపడలేదు. "పైన తీగ తలుపు కిర్రుమన్నట్టు ఉంది. కింది తీగ బాగుంది. అంత కోపంగా ఎందుకు వాయిస్తారు?"

ఒక్క ముక్కా మింగకుండా తెలుగులో చెప్పాను: "పైతీగ కిర్రుమంటుందట. కిందిది మంచిగుందట. కోపంగ వాయిస్తున్ననట."

"ఆఁ," అన్నారు గురువుగారు, నాలుగు నెలల్లో మొదటిసారి నవ్వి. "చూపుడువేలు వదిలెయ్యండి. కమాను బరువే చాలు."

వహినీని టీకి ఉండమన్నాను. పొయ్యి మీద కుక్కరుందని వెళ్ళిపోయింది. ఆ పూట ఆ ఖాళీ కుర్చీ నన్ను బాధపెట్టినంతగా అంతకుముందెప్పుడూ ఏదీ పెట్టలేదు. మళ్ళీ ఆదివారానికి ఏ మొహం పెట్టుకుని పిలవాలా అని సోమ, మంగళవారాలు తర్జనభర్జన పడ్డాను.

బుధవారం బడినుంచి వచ్చి, చూపుడువేలు వదిలి, పైతీగ మీద మెల్లగా పది సార్లు వాయించాను. ఆపగానే కింద వాకిట్లోంచి గట్టిగా గొంతు వినిపించింది.

"మ్యాడమ్! ఇవాళ కిర్రు లేదు!"

కిటికీ దగ్గరికి వెళ్ళి జవాబు చెప్పాలి కదా. వెళ్ళలేకపోయాను. ఫిడేలు ఒళ్ళో పెట్టుకుని, వినపడకుండా కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, చాలాసేపు ఏడ్చాను.