మేకకు భయపడి లోపల కట్టిన నిమ్మకాయ

నవ్వనని ఒట్టెయ్యిండ్రి, గప్పుడే చెప్త. మొన్న బేస్తారం పొద్దుగాల మా లాల్‌దర్వాజా గల్లీల నా కారు స్టార్ట్ గాలేదని, పదిమంది నూకిన్రని మీకు ఎట్లనో ఎరుకైంది. కారు ఖరాబైందని అనుకుంటున్నరు. కారుకు ఏం కాలే. గా దినం గల్లీల ఖరాబైన సామాను ఏదన్న ఉంటే గది నేనే.

కారు కొని అప్పటికి నాలుగు దినాలు. పదిహేడేండ్ల ముసలి బండి. అఫ్జల్‌గంజ్ దిక్కు తాళ్ల దుకాణం పెట్టుకున్న సత్తార్ భాయ్ దగ్గర కొన్న. మంచి మనిషి. బండి చుట్టు తిప్పి ఒక్కొక్కటి చూపెట్టిండు. ఎడమ దిక్కు డోర్ జెర పైకి లేపి వెయ్యాలె అన్నడు. "మాలూమ్ హై" అన్న. ఏసీ వేసి ఎత్తు ఎక్కియ్యొద్దు అన్నడు. "మాలూమ్ హై" అన్న. ఆఖరుకు స్టీరింగ్ కింద చెయ్యి పెట్టి ఇంకేందో చెప్పవట్టిండు. నేను అప్పటికే సీట్ల కూసొని అద్దంల నా మొకం చూసుకుంటున్న. "మాలూమ్ హై భాయ్, సబ్ మాలూమ్ హై" అన్న. ఏం మాలూమ్, నాకేం ఎరుక? నేను పాలు, పెరుగు అమ్ముకునేటోణ్ని. బర్రె గురించి అడుగుండ్రి, గంట చెప్త. కారు గురించి నాకు స్టీరింగ్ గుండ్రంగ ఉంటదని ఎరుక. కానీ కారు కొననీకి పోయినోడు "గిదేంది భాయ్" అని అడిగితే ఇజ్జత్ ఉంటదా?

కారు ఎందుకు కొన్ననో గది చెప్పాలె. మా అమ్మకు రెండు కండ్లల్ల శుక్లాలు. ఈ నడుమ పాలు పొంగింది కనబడక గిన్నె పట్టుకొని చెయ్యి కాల్చుకున్నది. ఆపరేషన్ చెయ్యాలంటే ముందు షుగర్ దిగాలె అన్నడు డాక్టర్. రెండు నెలలు చక్కెర లేని చాయ తాగింది మా అమ్మ. మా గల్లీల గట్లాంటి చాయ తాగుడంటే జైలే. ఆఖరుకు షుగర్ దిగింది, బేస్తారం తొమ్మిదిన్నరకు రమ్మని డేట్ ఇచ్చిన్రు. ముందుగాల కుడి కన్ను. గా డేట్ తప్పితే మల్ల రెండు నెలలు ఆగాలె.

"ఆటోల ఎందుకమ్మా, సొంత కారుల తీస్కపోత" అన్న. మా అమ్మ గా ముచ్చట గల్లీల ఇరవై ఇండ్లకు చెప్పొచ్చింది. కారు తెచ్చిన దినం చేతులతోని తడిమి చూసి, "కొత్తదేనా కొడుకా?" అనడిగింది. "కొత్త పెండ్లిపిల్ల లెక్కుందమ్మా" అన్న. నా భార్య లావణ్య పక్కకు తిరిగి దగ్గింది. గల్లీల అందరు కారును చూసి మొకం అటిటు పెట్టిన్రు గని, మెచ్చుకున్నది మా అమ్మ ఒక్కతే.

ఇగ పూజ. కొబ్బరికాయ కొట్టినం, టైర్ల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కిచ్చినం. గుడిమల్కాపూర్ మార్కెట్ నుంచి బంతిపూల దండ తెచ్చి వేసిన. దిష్టి తగలకుండ ముంగట బంపర్‌కు నిమ్మకాయ, మిరపకాయలు దారానికి గుచ్చి మా అమ్మ ఇస్తే కట్టిన. తెల్లారి చూస్తే ఉత్త దారం వేలాడుతున్నది. యాదగిరి మామ వాళ్ల మేక తిన్నది. మేక మిరపకాయలు తింటదా అని అడగకుండ్రి. మా గల్లీ మేక ఎలక్షన్ పోస్టర్లు తిని బతికింది.

మా అమ్మ మస్తు పరేషాన్ అయింది. "ఆపరేషన్‌కు పోయే బండి, దిష్టి తగిలితే ఎట్ల?" అని బుధారం పొద్దూకినంక ఇంకోటి గుచ్చింది. ఈసారి రెండు నిమ్మకాయలు, మేకకు అందనంత భద్రంగ కట్టుమన్నది. నా తెలివి చూడుండ్రి. కారు లోపలనే కట్టేస్తే మేక ఏం చేస్తది? స్టీరింగ్ కింద చెయ్యి పెట్టి దేవులాడితే చిన్న కొక్కెం లెక్క ఒకటి తగిలింది. అబ్బ, కంపెనోడు దిష్టి కోసం కొక్కెం కూడ పెట్టిండని సంబరపడ్డ. ముడి వేసి గట్టిగ గుంజిన. టక్కుమన్నది. ముడి బిగుసుకున్నదనుకున్న.

బేస్తారం ఎనిమిదింటికి మా అమ్మ తయారు. పట్టుచీర కట్టుకున్నది. ఆపరేషన్‌కు పట్టుచీర ఎందుకని లావణ్య అంటే, "కారుల పోతున్నం కదా" అన్నది. ముందు సీట్ల కూసొని, సంచి ఒళ్ల పెట్టుకొని, కిటికీల నుంచి గల్లీకి నవ్వుకుంట చూసింది. గల్లీ ఆమెకు మసకమసకగ కనబడతది, అయినా చూసింది.

చాబీ తిప్పిన. కిర్ర్ కిర్ర్ కిర్ర్. ఇంజిన్ అందుకుంటలే. మల్ల తిప్పిన. కిర్ర్ కిర్ర్.

"బ్యాటరీ పోయినట్టుంది" అన్న.

లావణ్య వెనక సీట్ల నుంచి, "అమ్మిన భాయ్‌కి ఫోన్ చెయ్యరాదు?" అన్నది.

"గాయనకేం తెలుస్తది? తాళ్లు అమ్ముకునేటోడు. నాకెరుకే, బ్యాటరీనే."

గప్పుడే యాదగిరి మామ వచ్చిండు. ముప్పై ఏండ్లు బస్సు నడిపి రిటైరైండు. గల్లీల ఏ బండి ఆగినా, డాక్టర్ లెక్క మొదట మామనే వస్తడు. చేతులు వెనక కట్టుకొని ఇంజిన్ దిక్కు చూసిండు.

"బ్యాటరీ పోతే గంత జోరుగ తిరుగుతదారా? ప్లగ్గులు. నల్లగైనయ్."

ప్లగ్గులు ఊడదీసిండు. ఉప్పు కాగితంతోని రుద్దిండు. నిజంగనే నల్లగున్నయ్. పదిహేడేండ్లు ఇంజిన్ల ఉంటే నేనైనా నల్లగైత. మల్ల బిగిచ్చి, "కొట్టు సెల్ఫ్" అన్నడు. కిర్ర్ కిర్ర్. మామ మొకం మారలే. "గీ కంపెనోళ్లు ఇంజిన్ చేసుడే మరిచిపోయిన్రు" అన్నడు.

ఎనిమిదిన్నర అయింది. మూలమీద స్కూటర్లు బాగుచేసే ఖాజా భాయ్ ఉరికొచ్చిండు. కారు ఆయన పని కాదు, అయినా పిలవకముందే వచ్చిండు. ఇంజిన్ల చెవి పెట్టి, వెనకకు పోయి టాంకీ దగ్గర చెవి పెట్టిండు.

"నర్సింగ్ భాయ్, చాబీ తిప్పుతే పెట్రోల్ నూకే మోటర్ ఆవాజ్ రావాలె. నై ఆరా, వస్తలే. మోటర్‌కు కరెంటే పోతలే. ఎక్కడనో బంద్ అయింది."

చూడుండ్రి, అందరిల కరెక్ట్ చెప్పింది గాయన ఒక్కడే. మరి మేం ఏం చేసినం? "నువ్వు స్కూటరోనివి, నీకెట్ల తెలుస్తది" అని మామ అన్నడు. నేను తలకాయ ఊపిన. "నాకెరుకే భాయ్, గది కాదు" అన్న. ఏది కాదో నాకు ఎరుక లేదు, కానీ అన్న.

వెనక నుంచి లావణ్య, "ఫోన్ చెయ్యమంటి" అన్నది.

"నూకుదాం" అన్నడు మామ. "నూకితే స్టార్ట్ గాని బండి లేదు."

గల్లీ జనం జమైన్రు. మా అమ్మను దిగమంటే దిగలే. "ఎక్కినంక దిగితే అరిష్టం. నూకుండ్రి, నేనేం బరువు?" అన్నది. పట్టుచీరల ఆమె ముందర, మేం పదిమంది వెనక. చూసినోళ్లు ఊరేగింపు అనుకున్నరో ఏమో, ఒకామె ఇంట్ల నుంచి వచ్చి దండం పెట్టింది. సెకండ్ గేర్ల వేసి వదిలిన. బండి ఒక్కసారి ఎగిరి, గల్లీ మలుపుల అడ్డం తిరిగి ఆగింది. ఇగ ఇటోళ్లు ఇటు, అటోళ్లు అటు. స్కూల్ ఆటో హారన్ కొట్టవట్టింది. కూరగాయల బండాయన నన్ను తిట్టిండో, కారును తిట్టిండో, ఇద్దర్ని కలిపే తిట్టిండో. లొల్లే లొల్లి.

నేను సెల్ఫ్ మీద సెల్ఫ్ కొట్టిన. కిర్ర్ కిర్ర్ కాస్త కిర్ అయింది. కిర్ కాస్త టిక్ అయింది. ఆఖరుకు టిక్ కూడ అనలే. పొద్దున బ్యాటరీ పోయిందని చెప్పిన కదా, తొమ్మిది గాకముందే నా మాట నేనే నిజం చేసిన.

గప్పుడు మా అమ్మ మెల్లగ, "టైమెంత కొడుకా?" అనడిగింది.

గా ఒక్క మాటకు నాకు కండ్లల్ల నీళ్లు తిరిగినయ్, నిజం చెప్తున్న. రెండు నెలల చక్కెర లేని చాయ నా అకల్‌మందితనానికి, నా అతితెలివికి వట్టిగ పోతదా అనిపిచ్చింది. ఇంత జనంల సిగ్గయింది. అయినా ఫోన్ తీయలే. మనిషి ఎంత మొండోడో చూడుండ్రి.

లావణ్య నన్ను అడగలే. హారన్ కొడుతున్న స్కూల్ ఆటో వెనక ఇంకో ఖాళీ ఆటో ఉండె. గందుల అమ్మను కూసోబెట్టి తను కూడ ఎక్కింది. మా అమ్మ పోవుకుంట, "లోపల నిమ్మకాయ కట్టినవ్ కదరా. అయినా గింత దిష్టి ఎవరిది తగిలింది?" అన్నది. ఆటో వెనకకు మళ్లి పోయింది. మలుపుల అడ్డంగ నేను, నా కొత్త పెండ్లిపిల్ల మిగిలినం.

వాళ్లు కనబడకుండ పోయినంక, ఎవ్వరు వినకుండ మూలకు పోయి సత్తార్ భాయ్‌కి ఫోన్ చేసిన.

"భాయ్, గాడీ స్టార్ట్ నై హోరీ."

గాయన ఒక్కటే అడిగిండు. "చోర్ స్విచ్ చాలూ హై క్యా?"

"కౌన్‌సా చోర్?"

గాయన నిమ్మలంగ చెప్పిండు. "స్టీరింగ్ కే నీచే. దొంగలు ఎత్తుకపోకుండ పెట్టిన స్విచ్ భాయ్. పైకి ఉంటే చాలూ, కిందికి గుంజితే పెట్రోల్ మోటర్ బంద్. మై బోలా నా ఆప్‌కో. చెయ్యి పెట్టి చూపెట్టిన. ఆప్ బోలే, సబ్ మాలూమ్ హై."

ఫోన్ పట్టుకొనే పోయి స్టీరింగ్ కింద చెయ్యి పెట్టిన. రెండు నిమ్మకాయలు, ఏడు మిరపకాయలు తగిలినయ్. వాటి మీద గట్టిగ వేసిన నా ముడి. ముడి కింద గా కొక్కెం, కిందికి గుంజి ఉన్నది. దొంగలకు అడ్డం పెట్టిన స్విచ్, మేకకు భయపడి, దిష్టికి భయపడి, నేనే నా చేతులతోని బంద్ చేసిన. పదిహేడేండ్ల నుంచి ఏ దొంగ దీని దిక్కు కూడ చూసి ఉండడు, గది వేరే ముచ్చట.

దారం తెంపి స్విచ్ పైకి ఎత్తిన. ఖాజా భాయ్ ఇంకో బ్యాటరీ తెచ్చి వైర్లు తగిలిచ్చిండు. చాబీ తిప్పంగనే వెనక టాంకీ దగ్గర సన్నగ జుయ్యిమన్నది, ఇంజిన్ ఒక్క దెబ్బకు అందుకున్నది. ఖాజా భాయ్ నిమ్మకాయల దిక్కు చూసిండు, నా దిక్కు చూసిండు, స్కూటర్ దుకాణానికి పోయేదాంక నవ్వుకుంటనే పోయిండు. యాదగిరి మామ మాత్రం చేతులు తుడుచుకొని, "నేను పొద్దుగాలనే అనుకున్న, స్విచ్చే అని" అన్నడు. గాయనను ఏమనాలె? నాకు మస్తు దగ్గరి చుట్టం అనిపిచ్చిండు.

దవాఖానకు పోయేసరికి మా అమ్మను లోపలికి తీస్కపోయిన్రు. లావణ్య టైముకే చేర్చింది. ఆపరేషన్ మంచిగైంది. కుడి కంటికి పట్టీతోని బయటికొచ్చిన అమ్మను కారుల ఎక్కిచ్చి ఇంటికి తెచ్చిన. తొవ్వ పొడుగునా, "ఎంత మెత్తగ పోతున్నదిరా" అని మెచ్చుకున్నది. స్విచ్ ముచ్చట చెప్పలే. దిష్టి పోయింది, అందుకే స్టార్ట్ అయిందన్న. లావణ్య మల్ల దగ్గింది.

తెల్లారి శుక్రవారం పట్టీ తీసే దినం. ముగ్గురం కారులనే పోయినం. పట్టీ విప్పిన్రు. మా అమ్మ ముందుగాల నా మొకం చూసి, "బక్కగైనవ్ కొడుకా" అన్నది. గోడ మీద పెద్దక్షరాలు, చిన్నక్షరాలు అన్ని చూసింది. లావణ్య చెయ్యి పట్టుకొని జెర ఏడ్చింది, మేం కూడ ఏడ్చినం. డాక్టర్ ఆపరేషన్ ఫస్ట్ క్లాస్ అన్నడు, ఎడమ కన్నుకు వచ్చే నెల డేట్ రాసిచ్చిండు.

కిందికి దిగినం. మా అమ్మ ఎవ్వరి చెయ్యి పట్టుకోలే, తనే మెట్లు దిగింది. బండ్ల మధ్యల నిలబడి, "మన కారేది?" అన్నది. చూపెట్టిన.

దగ్గరికి పోయింది. చుట్టు ఒకసారి తిరిగింది. ఎడమ డోర్ ఒక తెలుపు, తతిమ్మా బండి ఇంకో తెలుపు. వెనక బంపర్‌ను వైరుతోని కట్టి ఉన్నది. చక్రం పైన తుప్పు తిన్న కాడ వేలు పెట్టి చూసింది. వేలు లోపలికి పోయింది.

"గిదేనా?" అన్నది.

"గిదేనమ్మా."

"గల్లీల ఇరవై ఇండ్లకు చెప్పిన కదరా."

డోర్ జెర పైకి లేపి తీసిన, ఎక్కి కూసున్నది. చాబీ తిప్పిన. ఒక్క సెల్ఫ్‌కే అందుకున్నది. సంబరంగ అమ్మ దిక్కు తిరిగి, "చూసినవా అమ్మా, ఎట్ల స్టార్ట్ అయిందో" అన్న.

మా అమ్మ కొత్త కన్నును అరచేతితోని మూసుకొని, ఎడమ కన్నుతోని డ్యాష్‌బోర్డు దిక్కు చూసి, "మంచిగున్నది బిడ్డా" అన్నది. "గా రెండో కన్నుకు జెర ఆగుదాం. కారెక్కేటప్పుడు దీంతోని చూస్త."